మంచు విడిచిన శనివారం

గ్రీట్ ఫ్యాక్టరీ నుంచి ఇంటికొచ్చేసరికి భర్త ఇవో వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కిటికీ బయట మేకుకు తగిలించిన థర్మామీటరు వైపు చూస్తున్నాడు. తలుపు చప్పుడైనా వెనక్కి తిరగలేదు.

"ఎంతుంది?" మఫ్లరు విప్పుతూ అడిగింది.

"మైనస్ ఆరు. రాత్రికి ఇంకా దిగుతుందట."

ఆ మాటలో ఏదో తృప్తి వినిపించింది ఆమెకి. ఒళ్ళు మండింది. క్రిస్మస్ వెళ్ళినప్పటినుంచీ నేల రాయిలా బిగుసుకుపోయి ఉంది. గడ్డకట్టిన కాలువ నీళ్ళ మీద బాతులు నడుస్తున్నాయి. ఇంత చలిలో సిమెంటు మాలు గట్టిపడకముందే గడ్డకట్టి పొడిపొడిగా రాలిపోతుంది కాబట్టి తాపీ పనులన్నీ ఆపేశారు. పని ఆగిన రోజులకు ప్రభుత్వం ఇచ్చే భృతి మీద ఇవో ఇంట్లోనే ఉంటున్నాడు. గ్రీట్‌కి ఆ వెసులుబాటు లేదు. కూరగాయలు గడ్డకట్టించి సంచుల్లో నింపే ఫ్యాక్టరీలో చిట్టి క్యాబేజీలకు ఇదే సీజను. తెల్లవారకముందే వెళ్ళి బెల్టు ముందు నిలబడితే, మధ్యాహ్నం దాకా గోలీల్లాంటి ఆ క్యాబేజీలు దొర్లుతూ వస్తూనే ఉంటాయి. పసుపెక్కినవీ పురుగు తిన్నవీ ఏరి పారేయాలి. ఇంటికొచ్చి కళ్ళు మూసుకున్నా అవి కుడి నుంచి ఎడమకు దొర్లుతూనే ఉంటాయి.

సింకులో పొద్దుటి పాలగిన్నె, కప్పులు, నిన్న రాత్రి పళ్ళేలు అలాగే ఉన్నాయి.

"పొద్దుటినుంచీ ఇంట్లోనే ఉన్నావు కదా ఇవో."

"కడుగుతాను."

"ఎప్పుడు?"

"కడుగుతానన్నాను కదా." అతను రెండు చేతులూ ప్యాంటు జేబుల్లోకి ఇంకా లోపలికి తోసుకున్నాడు.

టీ పొట్లం పారేద్దామని గ్రీట్ చెత్తబుట్ట మూత ఎత్తింది. నీలం అంచు కప్పు నాలుగు ముక్కలై పైనే పడి ఉంది.

"ఇదేమిటి?"

"జారింది."

"మొన్న కూడా జారింది."

"మొన్నదీ జారిందే."

గోడకేసి కొట్టావా అని అడగబోయి ఊరుకుంది. పని లేని మగాడి కోపం ఎలా ఉంటుందో ఆమె తండ్రి దగ్గర చూసింది. మూత వేసి, బట్టలు మార్చుకుని గ్యారేజీలోకి వెళ్ళిపోయింది.

గ్యారేజీలో సైకిలు వెనక చక్రం ఇనప స్టాండులో బిగించి ఉంటుంది. ఎంత తొక్కినా కదలదు. పాప బడి నుంచి వచ్చేలోపు దొరికే కాస్త సమయం ఆమెది. మొదటి పది నిమిషాలూ నోటి ఆవిరి కనిపిస్తుంది, తర్వాత చెమటలు కారి హ్యాండిలు మీద పడతాయి. ఎదురుగా రంగు డబ్బాల అర, పాత పరుపు, ఇవో పనిముట్ల సంచి. వాటినే చూస్తూ ఆమె కొండలెక్కుతుంది. ఏప్రిల్‌లో సైకిలు క్లబ్బు వాళ్ళందరూ దక్షిణాన రాళ్ళబాటల కొండలకి వెళ్తారు. ఈసారి ఆమె పేరు కూడా రాసుకున్నారు. ఆడవాళ్ళలో ఆమె ఒక్కతే.

పక్కవీధిలో ఉండే అత్తగారు మార్సెల్లా సూపు గిన్నె పట్టుకుని గ్యారేజీ తలుపులోంచే వచ్చింది. గిన్నె కింద పెట్టకుండా కాసేపు చూసింది.

"పొద్దుటినుంచీ నిలబడ్డది చాలలేదా అమ్మా నీకు?"

"ఇక్కడ కూచునే ఉన్నానుగా అత్తయ్యా."

"ఇంత తొక్కినా ఆ గోడ దగ్గరే ఉన్నావు."

"మంచు పోనివ్వండి. గోడ దాటి వెళ్ళిపోతాను."

"అదే నా భయం," అని మార్సెల్లా లోపలికి వెళ్ళింది. వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు, గిన్నెల చప్పుడు వినిపించాయి. కొడుకు గిన్నెలు ఆవిడే కడుగుతోంది. గ్రీట్ గేరు పెంచి, ఏమీ వినపడనంత గట్టిగా తొక్కింది.

ఆదివారం చర్చి ఎదుట కాఫీ హోటలు దగ్గర క్లబ్బు వాళ్ళు కలుసుకున్నారు. రోడ్ల మీద అద్దంలా మంచు. బయల్దేరాలా వద్దా అన్న వాదన మూడో కాఫీ దాకా సాగింది. రిటైరైన పోస్టుమ్యాన్ ఫోన్స్ వాళ్ళకి పెద్ద. డెబ్బై దాటినా అందరికంటే ముందు తొక్కుతూ, వెనకవాళ్ళకి ఎదురుగాలి తగలకుండా కోసేది ఆయనే.

"ఈ రోడ్డు మీద మన ఎముకలు ఏరుకోడానికి ఫ్యాక్టరీ నుంచి గ్రీట్ బెల్టు తేవాల్సిందే," అన్నాడాయన.

అందరూ నవ్వారు. టీచరుగా పనిచేసే ఒకాయన గ్రీట్ వైపు వంగి, "పాపని ఎవరి దగ్గర వదిలొచ్చావు?" అని అడిగాడు. అడగడంలో చెడు ఉద్దేశం ఏమీ లేదు.

"మీకు ముగ్గురు కదా, మీరెవరి దగ్గర వదిలొచ్చారు?"

"మా ఆవిడ ఉందిగా."

"మా ఆయన ఉన్నాడు."

"అబ్బో, ఇవో అదృష్టం. మంచు పుణ్యమా అని ఇంటిపట్టున హాయిగా ఉన్నాడు."

గ్రీట్ కూడా నవ్వింది. నవ్వాక, ఆ మాట తన మనసులోదే అనిపించి కాఫీ చేదుగా తగిలింది. ఆ రోజు ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చి, మళ్ళీ ఆ స్టాండు మీదే ఎక్కింది.

సోమవారం నాడు కూతురు నూర్‌ని తీసుకురావడానికి ఆమే బడికి వెళ్ళింది. నూర్‌కి ఏడేళ్ళు. గేటు దగ్గర టీచరమ్మ గ్రీట్‌ని కాస్త పక్కకి పిలిచింది.

"ఏమీ అనుకోకండి. పాప రోజూ కోటు గుండీలు పెట్టుకోకుండా వస్తోంది. బూటు లేసులు కూడా నేనే కడుతున్నాను. ఈ చలిలో అలా... దగ్గు కూడా పట్టుకుంది."

"పొద్దున వాళ్ళ నాన్న తయారుచేస్తాడు," అంది గ్రీట్. అన్నాక సిగ్గేసింది.

"మీరు పొద్దున్నే పనికెళ్తారని తెలుసు. మధ్యాహ్నం ఇంటికొచ్చాక కూడా మీరు బిజీ అని నూర్ చెప్పింది. సైకిలు..." టీచరమ్మ మెత్తగా నవ్వింది. ఆ నవ్వు గ్రీట్‌ని ఇంటిదాకా వెంటాడింది.

తలుపు తీస్తూనే మొదలుపెట్టింది. "ఒక్క పిల్ల. ఒక్క కోటు. నాలుగు గుండీలు. అది కూడా చెయ్యలేవా నువ్వు?"

ఇవో సోఫాలోంచి లేచాడు.

"నేను తెల్లవారుజామున లేచి ఆ చలి గదిలో నిలబడితే, నువ్వు కిటికీ దగ్గర నిలబడి డిగ్రీలు లెక్కపెడతావు. గిన్నెలు మీ అమ్మ కడుగుతుంది. గుండీలు టీచరమ్మ పెడుతుంది. నువ్వేం చేస్తావు ఇవో? కప్పులు పగలగొడతావు."

అతని ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. నూర్ వైపు చూసి ఆగిపోయాడు. కోటు తొడుక్కోకుండా భుజాన వేసుకుని, పెరటి తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

గ్రీట్ నూర్‌ని కుర్చీలో కూచోబెట్టి తడిసిన సాక్సులు లాగుతోంది. పిల్ల కాళ్ళు ఐసుముక్కల్లా ఉన్నాయి. వాటిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దింది.

"నాన్నని తిట్టకు," అంది నూర్.

"తిట్టడం కాదమ్మా. చెప్పాను అంతే."

"నాన్న వేళ్ళు నిద్రపోతాయి."

"నిద్రపోవడమేమిటి?"

"గుండీ ఎక్కడుందో వేళ్ళకి తెలీదట. చూస్తూ పెట్టినా జారిపోతుంది. కిందివి నేనే పెట్టుకుంటాను. పైవి నాకు రావు. అందుకే తెరిచి వదిలేస్తాం." నూర్ కాళ్ళు ఆడించింది. "నీకు చెప్పొద్దన్నాడు."

"ఎందుకు చెప్పొద్దన్నాడు?"

"చెప్తే అమ్మ సైకిలు మానేసి రెండో షిఫ్టు కూడా ఎక్కుతుంది అన్నాడు."

గ్రీట్ చేతులు ఆగిపోయాయి. నూర్ పాదాలు ఆమె ఒళ్ళోనే ఉన్నాయి. కాసేపటికి పిల్ల, "ఇంకా రుద్దు," అంది.

పెరట్లో చివర చెక్కల షెడ్డు ఉంది. దాని తలుపు సరిగా మూసుకోదు. ఆ సందులోంచి గ్రీట్ చూసింది. ఇవో చెక్క బల్ల మీద తడి ఇసుక కుప్ప పోసుకున్నాడు. పక్కన పాత ఇటుకలు పేర్చి ఉన్నాయి. కుడిచేతిలో తాపీ. దాని పిడి చుట్టూ నల్లటి మెత్తని టేపు మందంగా చుట్టి ఉంది. సైకిలు హ్యాండిలుకి చుట్టడానికి ఆమె కొనిపెట్టుకున్నది. వారం నుంచీ ఎక్కడ పెట్టానా అని వెతుకుతోంది.

తాపీతో ఇసుక తీశాడు. మణికట్టు తిప్పి ఇటుక మీద పరచాలి. పదిహేనేళ్ళప్పటినుంచీ ఊపిరి తీసినంత తేలిగ్గా అతను చేస్తున్న పని అది. తాపీ సగం తిరిగి అరచేతిలోనే పక్కకి ఒరిగింది. ఇసుక అంచు దాటి కిందపడింది. మళ్ళీ తీశాడు. మళ్ళీ ఒరిగింది. మూడోసారి ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళని ఒక్కొక్కటిగా పిడి మీద మడిచి పెట్టుకుని, వాటి మీద ఎడమచెయ్యి వేసి పట్టుకుని తీశాడు. ఈసారి ఇసుక ఇటుక మీద పడింది. కానీ రెండు చేతులూ తాపీకే సరిపోతే ఇటుక ఎవరు పెడతారు?

గ్రీట్ తలుపు తోసింది. అతను తాపీ దాచబోయాడు. అది కిందపడి మోగింది.

"ఎప్పటినుంచి?"

"వేసవి నుంచి."

"వేసవంతా గోడలు కట్టావుగా."

"ఎండకి వేళ్ళు కాస్త కదిలేవి. ఇటుకలు కోసే మిషను పట్టుకున్న రోజున మాత్రం ఆ అదురుకి సాయంత్రానికి పూర్తిగా మొద్దుబారిపోయేవి. అప్పుడు ఎట్టియెన్‌కి తెలియకుండా, గోడ మట్టం చూస్తున్నట్టు రసమట్టం పట్టుకుని నిలబడేవాణ్ణి." ఎట్టియెన్ అతని మేస్త్రీ.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"వెళ్తే ఏం చెప్తాడో నాకు తెలుసు. ఈ చేతులు తాపీ పనికి పనికిరావంటాడు. తర్వాత నేనేం చెయ్యాలో ఆయన చెప్పడు." అతను వంగి తాపీ తీయబోయాడు. అది రెండుసార్లు వేళ్ళలోంచి జారింది. ఆమె తీసి ఇవ్వబోయి ఆగింది. ఇవ్వడం మంచిదో ఇవ్వకపోవడం మంచిదో తెలియలేదు. మూడోసారికి అతనే తీసుకున్నాడు.

"చలికాలం ఇంకొన్నాళ్ళు ఉంటే విశ్రాంతికి వేళ్ళు బాగుపడతాయేమో అనుకున్నా," అన్నాడు. "నీ టేపు వాడేశాను."

"పోనీలే."

"ఇంకోటి కొనుక్కో. ఏప్రిల్ దగ్గరపడుతోంది."

ఆమెకి ఏదో ఒకటి గట్టిగా అనాలనిపించింది. నీకు నేనున్నాను అనో, అంతా సర్దుకుంటుంది అనో. పొద్దున్నే బెల్టు దగ్గర పక్కపక్కన నిలబడేవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే మాటలవి. ఆ షెడ్డులో ఆ మాటలు నోటికి రాలేదు. వీపు మీంచి జారిపోతున్న అతని కోటు పైకి లాగి, గుండీలు పెట్టింది. అతను చిన్నపిల్లాడిలా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు.

గురువారం పొద్దున్నే చూరు నుంచి నీళ్ళు కారే చప్పుడుకి ఇద్దరికీ మెలకువ వచ్చింది. ఎవరూ కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. సాయంత్రానికి రోడ్లు నల్లబడ్డాయి. పొలాల్లో మంచు పలకల కింద బురద కనిపించింది. ఫోన్స్ ఫోను చేశాడు. "శనివారం పొద్దున్నే, పెద్ద చుట్టు తిరిగొద్దాం. మీ గ్యారేజీ గోడకి వీడ్కోలు చెప్పిరా అమ్మాయ్." ఆ వెంటనే ఎట్టియెన్ ఫోను. ఇన్ని వారాల పని పోయింది కాబట్టి శనివారం కూడా రావాలట.

"వస్తాను," అన్నాడు ఇవో. ఫోను పెట్టేశాక గ్రీట్ వైపు చూడకుండా, "అందరూ వెళ్తున్నారు," అన్నాడు.

"వెళ్ళకు."

"వెళ్ళకపోతే ఎందుకని అడుగుతారు."

శనివారం పొద్దున వాకిట్లో ఎట్టియెన్ వ్యాను ఆగి హారను కొట్టింది. ఇవో మెట్టు మీద కూచుని ఇనప ముక్కు బూట్ల లేసులతో కుస్తీ పడుతున్నాడు. గ్రీట్ అతని ముందు మోకాళ్ళ మీద కూచుని రెండు బూట్లకీ రెండేసి ముళ్ళు వేసింది. అప్పటికే ఆమె సైకిలు బట్టల్లో ఉంది.

"నేను వెళ్ళనులే," అంది.

"వెళ్ళు. ఇంట్లో కూచుని నన్నే తలుచుకుంటూ ఉంటే నాకు అక్కడ ఇంకా కష్టం." లేచి నిలబడ్డాడు. "గ్రీట్, మరీ ముందుకి పోయి గాలి తినకు. ఫోన్స్ వెనకే ఉండు."

నూర్‌ని మార్సెల్లా దగ్గర దింపింది. కొడుకు చేతుల సంగతి ఆవిడకి తెలుసా అని ముఖంలోకి చూసింది. మార్సెల్లా నూర్ టోపీ సర్దుతూ, "వెళ్ళు వెళ్ళు. తొందరగా వచ్చెయ్," అంది. అంతే.

అందరూ ఇద్దరిద్దరుగా జతకట్టి బయల్దేరారు. చక్రాల మధ్య జానెడు దూరం. కాలువ గట్టు వెంట గాలి ఎదురుగా వచ్చినా గ్రీట్ కాళ్ళు తేలిగ్గా తిరిగాయి. చలికాలమంతా గోడ ముందు తొక్కిందంతా ఒంట్లోనే ఉంది. ఊళ్ళు వెనక్కి పోతున్నాయి, ఎరువు వాసన, తడి ఇటుకల వాసన, ఎక్కడో కట్టెలు కాల్చిన వాసన. కాసేపు ఆమె నిజంగా సంతోషంగా ఉంది. అది తెలిసి ఉలిక్కిపడింది.

పక్క ఊరి చివర కొత్త ఇళ్ళ వరస లేస్తోంది. ఈ దారిన వస్తారని ఆమె అనుకోలేదు. పెద్ద రోడ్డు మీద ఎక్కడో పైపు పగిలిందని ఫోన్స్ దారి మళ్ళించాడు. పరంజా మీద పసుపు జాకెట్లు కనిపించాయి. ఇద్దరు మనుషులు ఇటుక వరసలు కడుతున్నారు. ఇవో కింద, వాళ్ళకి దూరంగా, నేల మీద గొంతుక్కూచుని ఉన్నాడు.

"మీ ఇవో కదూ అది?" పక్కనున్నాయన అరిచాడు.

"అవును."

చెయ్యెత్తలేదు, బ్రేకు వెయ్యలేదు. అంత వేగంలో వేస్తే వెనకవాళ్ళు ఆమె మీద పడతారు. మెడ తిప్పి చూడబోయేసరికి ముందు చక్రం ఊగింది. వెనక నుంచి ఎవరో "నేరుగా, నేరుగా పో" అన్నారు. ఇవో తలెత్తి ఈ గుంపునంతా చూశాడో లేదో తెలియలేదు. ఇళ్ళ వరస దాటిపోయింది. మలుపు వచ్చేదాకా గ్రీట్ ఫోన్స్ వీపు మీది చెమట మరకనే చూస్తూ తొక్కింది. మలుపులో చెయ్యి పైకెత్తి, మెల్లగా పక్కకి తప్పుకుంది.

"పంక్చరా?" ఫోన్స్ వెనక్కి చూశాడు.

"కాదు. మీరు వెళ్ళండి."

ఆయన ఒక క్షణం పెడలు ఆపాడు. ఇంకేమీ అడక్కుండా ముందుకి సాగిపోయాడు.

ఆమె వెనక్కి తిరిగి ఆ ఇళ్ళ దగ్గరికి వచ్చేసరికి, ఎట్టియెన్ చూసి పరంజా దిగి వచ్చాడు. చేతులు మాలు మరకలతో ఉన్నాయి, ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నేనేమీ అనలేదు గ్రీట్. ఒట్టు. రెండు వరసలు కట్టాడు, రసమట్టం పెట్టి తనే చూసుకున్నాడు, తనే విప్పేశాడు."

"నీకు తెలుసా?"

ఎట్టియెన్ ఇసుక కుప్ప వైపు చూశాడు. "ఆకురాలే కాలం నుంచీ తెలుసు. సాయంత్రం వాడు వెళ్ళాక వాడి మూలలు సరిచేసేవాణ్ణి. ఈ ఏడు చలి గట్టిగా పడితే బాగుండునని నేనూ అనుకున్నాను." గొంతు తగ్గించాడు. "ఎంతకాలమని దాస్తాం?"

ఇవో విప్పిన ఇటుకలకి అంటుకున్న పచ్చి మాలు గీకుతున్నాడు. ఆరిపోతే ఇటుకలు పాడైపోతాయి. ఇటుకని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, తాపీ అంచుతో అడ్డంగా లాగుతున్నాడు. గ్రీట్ నీడ పడితే తలెత్తాడు.

"నీకేమైంది? పడ్డావా?"

"లేదు."

"మరి వెళ్ళు. వాళ్ళు దూరం పోతారు."

ఆమె సైకిలు ఇసుక కుప్ప మీద పడుకోబెట్టి, అతని పక్కన గొంతుక్కూచుని ఒక ఇటుక తీసుకుంది. గీకడానికి చిన్న రేకు ముక్క దొరికింది. సైకిలు చేతిజోళ్ళు మాలుతో బూడిదరంగు అయ్యాయి. ఇద్దరూ ఆ కుప్ప అంతా అయ్యేదాకా గీకి, వరసగా పేర్చారు. పరంజా మీదివాళ్ళు రేడియో గొంతు పెంచి, కిందికి చూడకుండా పనిచేసుకున్నారు.

ఇవో తాపీ కడిగి, సంచిలో వేసుకోలేదు. తనే దాన్ని తీసుకెళ్ళి ఎట్టియెన్ బకెట్టులో నిలబెట్టాడు. "ఎవరికైనా పనికొస్తుంది," అన్నాడు. వ్యానులో దింపుతానని ఎట్టియెన్ అంటే వద్దన్నాడు.

కాలువ గట్టు మీద నడిచారు. గ్రీట్ వేసుకున్న, పెడల్లో ఇరుక్కునే సైకిలు బూట్లు నడవడానికి పనికిరావు. అడుగున బిగించిన గట్టి ముక్క తడి రోడ్డు మీద టకటకమని జారుతుంది. రెండుసార్లు గ్రీట్ కాలు తేలిపోయింది. ఇవో సైకిలు అందుకుని, సీటు మీద మణికట్టు ఆనించి నడిపించసాగాడు. అలా నడిపించడానికి వేళ్ళు అక్కర్లేదు. ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది.

వెనక నుంచి సైకిలు గొలుసుల చప్పుడు వినిపించింది. పెద్ద చుట్టు తిరిగి క్లబ్బు వాళ్ళు వెనక్కి వస్తున్నారు. ఇద్దరూ గడ్డిలోకి తప్పుకున్నారు. ఎప్పుడూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అరిచేవాళ్ళు. ఈసారి ఎవరూ అరవలేదు. టీచరు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఫోన్స్ ఒక్కడే చెయ్యి కొద్దిగా ఎత్తి దించాడు. బురద నీళ్ళు వాళ్ళ పిక్కల మీద చిందాయి. గుంపు వంతెన ఎక్కి అవతలికి దిగిపోయింది.

"సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తాను," అన్నాడు ఇవో.

"నేనూ వస్తాను."

"నీకు షిఫ్టు ఉంది."

గ్రీట్ ఇక తన ఒక్కదాని జీతం మీద ఇల్లు నడిచే లెక్క వేసుకుంటున్నట్టు కొంత దూరం నడిచింది. వంతెన ఎత్తు మొదలైంది. బూట్లు మళ్ళీ జారాయి.

"ఉంది," అంది, అతని మోచెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంటూ.